కింద ఉన్నది కూడా మనదే

మిల్‌ఫోర్క్, ఒహాయో
ఏప్రిల్ 14, 2024

బావా,

కవరు బరువు చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది, వీడు ఏదో మంచి కబురు మోసుకొస్తున్నాడని. ఫోన్ చేద్దామంటే నీ చెవులకి వినపడేలా నేను అరవాలి. నేను అరిస్తే కోడలు రేణు మీటింగు చెడుతుంది. మనిద్దరికీ ఈ కాగితమే దిక్కు.

విషయం ఏమిటంటే, ఇక్కడ భూమి కింద ఉన్నది కూడా మనదేనట. ఒకటికి రెండుసార్లు అడిగాను. మనదే.

కోనసీమలో నా ఎకరం ముప్పావులో గ్యాసు బావి తవ్వినప్పుడు ఏమైందో నీకు గుర్తుంది కదా. పైన పంట నీది, కింద ఉన్నది సర్కారుది అన్నారు. కొబ్బరిచెట్టుకి ఇంత అని చేతిలో పెట్టారు. ఆ కాగితం చదివి చెప్పింది నువ్వే. సంతకం పెట్టినా పెట్టకపోయినా ఒకటే బావా, పెట్టేయ్ అన్నావు. పెట్టేశాను. ఆ మంట పదేళ్ళు నా ఎదురుగా మండింది, నా పొయ్యికి మాత్రం సిలిండరు కొనుక్కున్నాను.

మిగిలిన చేను అమ్మిన డబ్బుతో మన అబ్బాయి రఘు ఇక్కడ నా పేరు మీద అరవై రెండు ఎకరాలు కొన్నాడని నీకు తెలుసు. కొన్నప్పుడు లాయరు కింద హక్కులతో సహా అని రాశాడట. ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు కంపెనీవాళ్ళు గ్యాసు కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. దొరికినవాడికి దొరికినంత ఇచ్చి లీజు రాయించుకుంటున్నారు. అందుకని భూమి ఉన్నవాళ్ళందరూ ఒక కట్టు కట్టారు. ముప్పై ఒక్క కుటుంబాలు. అందరికీ ఒకే లాయరు, ఒకే ధర, ఒకే షరతులు. ఊటబావులకి దూరంగా తవ్వాలి, నీళ్ళు పాడైతే వాళ్ళే బాధ్యులు. విడిగా ఎవరూ సంతకం పెట్టకూడదు.

పొరుగాయన వాల్టర్ నన్ను తన ట్రక్కులో మీటింగు జరిగే ఫైర్ స్టేషన్ హాలుకి తీసుకెళ్ళాడు. నా వయసువాడే, మాట తక్కువ. పట్టా ఎవరి పేరన ఉంటే వాళ్ళే కట్టు కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. రఘుది కాదు బావా, నాది. ఎనిమిదో తరగతితో ఆపేసిన భీమశంకరం సంతకం అడిగారు. తెలుగులోనే పెట్టాను. ఆ కొమ్ములూ సున్నలూ చూసి ఎంత అందంగా ఉందో అన్నారు. డెబ్బై మూడేళ్ళకి నా సంతకానికి విలువ వచ్చింది. ఇది చూడకుండానే మీ చెల్లెలు సుబ్బులు వెళ్ళిపోయింది.

మన పక్క నూట నలభై ఎకరాలు డార్లీన్ అనే ఆవిడవి. భర్త నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు, ఒంటిచేత్తో ఆవులని చూసుకుంటుంది. ఆవిడ మాకు గాజుపళ్ళెంలో ఆపిల్ పై అని వాళ్ళ తీపి వంటకం చేసి పంపింది. పళ్ళెం ఖాళీగా ఎలా ఇస్తాం? రేణు చేత సున్నుండలు చేయించి, స్టీలు డబ్బాలో పెట్టి, పళ్ళెంతో పాటు నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

వెంటనే జవాబు రాయి.

నీ బావ,
భీమశంకరం

&nbsp;

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
మే 2, 2024

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మా జగన్మోహన్‌కి కూడా చదివి వినిపించాను. మావయ్య పెళ్ళికొడుకులా ఉన్నాడు నాన్నా అని నవ్వాడు. నిజమే. నీ పెళ్ళప్పుడు కూడా మా చెల్లెలి పక్కన ఇలాగే ఉబ్బిపోయి కూర్చున్నావు.

సంతోషించు, కాదనను. కానీ రిజిస్ట్రారాఫీసు అరుగు మీద ముప్పై ఎనిమిదేళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి, ఒక మాట చెప్పనీ. ఊరంతా ఒకటయ్యాం అన్న చోట నేను ఎప్పుడూ మొదట వెతికేది, ఆ ఊళ్ళో ఎవరికి ఎక్కువ అవసరం ఉందా అని. కట్టు అక్కడే తెగుతుంది. మీ ముప్పై ఒక్క మందిలో అలాంటివాళ్ళు ఎవరో కనిపెట్టుకుని ఉండు.

ఇంకొకటి. రెండేళ్ళ క్రితం కంటి ఆపరేషనుకి నువ్వు ఇండియా వెళ్ళినప్పుడు, పన్నులూ అవీ చూసుకోవడానికని రఘు పేర పవరాఫ్ అటార్నీ ఇచ్చావు. నేనే రాసి పంపాను, మీ బ్యాంకులో నోటరీ చేయించారు. పని అయిపోయింది కదా, దాన్ని రద్దు చేసెయ్. వాడి మీద అనుమానంతో అనడం లేదు. పని అయిన కాగితాన్ని చింపెయ్యడం మా వృత్తిలో అలవాటు.

మోకాళ్ళు జాగ్రత్త.

కేశవరావు

&nbsp;

మిల్‌ఫోర్క్
జూన్ 9, 2024

బావా,

కొడుక్కి ఇచ్చిన కాగితం రద్దు చేయమంటావేంటి? ఏమని అడగను? ఒరే రఘూ, నీ మీద నమ్మకం ఉంది గానీ ఆ కాగితం ఇలా ఇవ్వు అనా? మన ఇళ్ళల్లో అలా ఎవరైనా అడుగుతారా? సుబ్బులు పైనుంచి గరిటె విసురుతుంది. ఆ కాగితం వాడి బీరువాలో ఉంది, ఉండనీ.

ఇక్కడి కబుర్లు విను. వాల్టరూ నేనూ రోజూ రెండేసి ఇళ్ళు తిరుగుతున్నాం. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలిసిందే. అయినా రైతు మాట రైతుకి అందుతుంది. కోనసీమ కథ చెప్తాను. మంట నా కళ్ళ ముందు, గ్యాసు ఎవరికో అని చేతులతో చూపిస్తాను. వాళ్ళ మొహాలు మారిపోతాయి. ఈ ముసలాయన మా లాయరు కంటే బాగా చెప్తున్నాడు అని వాల్టర్ హాల్లో అందరి ముందూ అన్నాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు, కడుపు అలా నిండిపోయింది.

అసలు సంగతి డార్లీన్‌ది. పోయిన మంగళవారం కంపెనీ మనిషి ఆవిడకి మంచి డబ్బే చెప్పి వెళ్ళాడు, వారంలో సంతకం పెడితేనే అని. మేం వెళ్ళేసరికి వసారాలో కాగితాలు ముందు పెట్టుకుని, కలం మూత తీసి కూర్చుంది. నర్సింగ్ హోమ్ బిల్లులు కట్టాలి పాపం. ఎక్కువ అవసరం ఉన్న ఇల్లు కనిపెట్టమన్నావు కదా, ఇదే అనుకున్నాను. నేను పక్కన కూర్చుని, "నో సైన్ అమ్మా. ఆల్ టుగెదర్" అన్నాను. మీ ఊటనీళ్ళకి ఆ కాగితంలో ఒక్క ముక్క రాయలేదని వాల్టర్ చూపించాడు. ఆవిడ నాకేసి తిరిగి, మీరు చివరిదాకా ఉంటారా అని అడిగింది. గుండె మీద చెయ్యి వేసి ఉంటానన్నాను. కలానికి మూత పెట్టి, కాగితాలు పొయ్యిలో పెట్టేసింది. అంత నమ్మకం నామీద ఎవరు పెట్టారు బావా నా జన్మలో?

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదనే మన పద్ధతి ఆవిడకి చెప్పాను. తెగ నచ్చేసింది. ఇప్పుడు డబ్బా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒకసారి గుడ్లు, ఒకసారి టమాటాలు. ఏమీ లేని రోజు వసారా పక్క పూసిన పూలు నాలుగు వేసి పంపింది.

రఘు మూడు వారాలుగా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆఫీసు మొత్తం ఇంటికి మార్చేశారట. అయినా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పైగదిలో కూర్చుంటాడు. కాఫీ పట్టుకెళితే లాప్‌టాప్ మూసేస్తాడు. చిక్కాడు. మీటింగుకి రారా, మీ నాన్న ఎలా మాట్లాడతాడో చూద్దువు అంటే, మీరు ఇంత తిరగకండి నాన్నా అన్నాడు. నా మోకాళ్ళ గురించి వాడికి బెంగ.

భీమశంకరం

&nbsp;

షామ్‌బర్గ్
జూలై 20, 2024

బావా,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. నా షుగరు కాస్త పెరిగింది.

నువ్వు అలా ఇంటింటికీ తిరగడం ఇక చాలు. మనం బయటివాళ్ళం. ఎవరి భూమి సంగతి వాళ్ళు చూసుకుంటారు. ఎవరికీ మాటలివ్వకు, ఇచ్చిన చోట కూడా మెల్లిగా వెనక్కి తగ్గు. ఆగస్టులో ఇక్కడికి వచ్చి ఓ రెండు నెలలు ఉండు. జగన్మోహన్ టికెట్ తీస్తానన్నాడు. గుడి దగ్గర్లోనే ఉంది, సాయంత్రం నలుగురు ముసలాళ్ళం కూర్చుంటాం. తప్పకుండా రా.

కేశవరావు

&nbsp;

మిల్‌ఫోర్క్
సెప్టెంబర్ 8, 2024

బావా,

నీ ఉత్తరం చూసి మనసు చిన్నబోయింది. షుగరు వల్ల అలా రాశావనుకుని సరిపెట్టుకున్నాను. ఆగస్టులో రాలేకపోయాను, కోపం తెచ్చుకోకు. నేను లేకపోతే ఇక్కడ జరగదు. గొప్పకి చెప్పడం లేదు, లాయరే అన్నాడు.

ఇక్కడ చట్టం ఒకటుందిట. తవ్వబోయే మడి మొత్తంలో నూటికి అరవై అయిదు ఎకరాలు కంపెనీ చేతికి వస్తే చాలు, మిగతావాళ్ళు ఒప్పుకోకపోయినా రాష్ట్రం వాళ్ళు బలవంతంగా కలిపేయొచ్చు. అప్పుడు ఇక ధరా ఉండదు, షరతులూ ఉండవు, వాళ్ళు పడేసింది తీసుకోవడమే. కంపెనీ ఆ గీత దగ్గరిదాకా వచ్చింది. మన కట్టువాళ్ళు కదలకపోతే మాత్రం దాన్ని దాటడం వాళ్ళ తరం కాదు. ధర పెంచి వాళ్ళే హాలుకి వస్తారని లాయరు నమ్మకం.

నిన్న ఆయన గోడకి పటం తగిలించి మధ్యలో వేలు పెట్టాడు. ఈ అరవై రెండు ఎకరాలు అటు వెళితే అందరం వెళ్ళినట్టే అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. "మై ల్యాండ్. మై వర్డ్" అన్నాను. ఇంకో ముక్క తోచలేదు. బావా, వాళ్ళు చప్పట్లు కొట్టారు. డార్లీన్ కళ్ళు తుడుచుకుంది. సర్కారు మంట ముందు నోరెత్తలేని వాణ్ణి, ఏ దేశంలోనో లేచి నా భూమి, నా మాట అన్నాను. ఈ ఒక్క రోజు కోసమే ఇన్నాళ్ళు బతికానేమో అనిపించింది.

ఇంటికొచ్చి రఘుకి చెప్తే ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. రేణు కూడా తల ఎత్తలేదు. ఆనందం పట్టలేకేమో అనుకున్నాను. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, లోపలే దాచుకుంటాడు.

నువ్వైనా సంతోషంగా రెండు ముక్కలు రాయి.

భీమశంకరం

&nbsp;

మిల్‌ఫోర్క్
అక్టోబర్ 13, 2024

బావా,

రెండు ముక్కలు కూడా రాయలేదు నువ్వు.

గురువారం వాల్టర్ నన్ను కోర్టు హౌస్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ ఆడమనిషి ఒకామె రికార్డు తీసి బల్ల మీద పెట్టింది. లీజు. మన అరవై రెండు ఎకరాలది. భీమశంకరం తరఫున అని ఉంది, కింద రఘు సంతకం. తేదీ జూన్ 27. గీత దాటేదాకా కంపెనీ దాన్ని బయటపెట్టకుండా అట్టేపెట్టిందట. మన భూమి కలుపుకుని ఇప్పుడు అరవై అయిదు దాటింది. అంటే నేను హాల్లో లేచి నిలబడి నా భూమి, నా మాట అన్న రోజుకి ఆ భూమి పోయి రెండు నెలలు దాటింది.

వాల్టర్ నన్ను ఇంటి దగ్గర దింపాడు. రోజూ రేపు కలుద్దాం అనేవాడు.

రఘుని అడిగాను. అబద్ధం ఆడలేదు. ఉద్యోగం మేలోనే పోయిందట. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది, ఇల్లూ మనవరాలు సాన్వి చదువూ అన్నీ వదిలి వెళ్ళిపోవాలి. ఈలోగా ఇంటి వాయిదాలు కట్టడానికి చేతిలో డబ్బు లేదట. మధ్య భూమి కాబట్టి కంపెనీ వాళ్ళు రెట్టింపు ఇస్తామన్నారట, ఎవరికీ చెప్పకపోతే. "మీకు చెబితే ఒప్పుకునేవారా నాన్నా?" అన్నాడు. ఒప్పుకోను. ఆ మాటే అన్నాను. "అందుకే చెప్పలేదు" అన్నాడు. జీతం తక్కువదే గానీ కొత్త ఉద్యోగం జూలై మధ్యలో దొరికిందట. అంటే ఇంకొక్క నెల ఆగి ఉంటే సరిపోయేది. అది కూడా వాడే చెప్పాడు, తల దించుకుని.

మరి ఇస్త్రీ చొక్కా ఎందుకురా అని అడిగాను. చొక్కా చేతులు మడుచుకుంటూ మేడెక్కాడు.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. వాడికి దస్తావేజుల భాష రాదు. నువ్వు రాసిన పవరాఫ్ అటార్నీలో లీజుకి ఇచ్చే అధికారం ఉందని వాడికి ఎవరు చెప్పారు?

భీమశంకరం

&nbsp;

షామ్‌బర్గ్
అక్టోబర్ 21, 2024

బావా,

అడిగావు కాబట్టి చెప్తాను. జూన్‌లో రఘు ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపాడు. మావయ్యా, ఇది పనికొస్తుందా అని రాశాడు. అయిదో పేరా చూడరా, అమ్మకం తప్ప మిగతావన్నీ ఉన్నాయి అని జవాబిచ్చాను. మేలో నేను రద్దు చేయమన్నప్పుడు ఇదేమీ నాకు తెలియదు. అది మాత్రం నమ్ము.

వాడు సుబ్బులు కొడుకు. ఉద్యోగం పోయిందని తండ్రికి చెప్పుకోలేక నాకు చెప్పుకున్నాడు. నువ్వు ఆ హాలూ ఆ చప్పట్లూ మత్తులో ఉన్నావు. నీ కొడుకు మేడ మీద నానా చావు చస్తుంటే కింద నువ్వు సున్నుండలు పంచుతున్నావు. నీకు చెప్పి ఉంటే మాట కోసం పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టేవాడివి.

వెనక్కి తగ్గమని రాశాను. ఇక్కడికి రమ్మన్నాను. అంతకంటే ఎలా చెప్పను?

ఇప్పుడు చల్లబడి ఆలోచించు. డబ్బు మన ఇంటికే వచ్చింది. వాడి గూడు నిలబడింది. ఎవరికి నష్టం? ఆ తెల్లవాళ్ళు నీకేం చుట్టాలు? నాలుగు రోజులు మొహం చాటేస్తే వాళ్ళే మర్చిపోతారు.

కేశవరావు

&nbsp;

మిల్‌ఫోర్క్
నవంబర్ 17, 2024

కేశవరావు గారికి,

మీ ఉత్తరం అందింది. మేడ మీద, కింద అని మీరు రాసింది నిజం. కొడుకు మొహం చదవడం నాకు రాలేదు. అది నా తప్పే, నా దగ్గరే ఉంచుకుంటాను. పవరాఫ్ అటార్నీ మొన్న రద్దు చేయించాను. రఘుని అడిగితే బీరువాలోంచి తీసి ఇచ్చాడు. అంత తేలిక.

మొహం చాటెయ్యమన్నారు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి ముప్పై ఇళ్ళకీ వెళ్ళాను. ట్రక్కు రాలేదు కాబట్టి నడిచి వెళ్ళాను, పన్నెండు రోజులు పట్టింది. కొందరు తలుపు తీయలేదు. వాల్టర్ తీశాడు. నేను చెప్పింది విని, చలిగా ఉంది, ఇంటికెళ్ళండి అన్నాడు.

డార్లీన్ ఇల్లు ఆఖరికి ఉంచుకున్నాను. ఎవరికి నష్టమని అడిగారు కదా. ఆవిడ పొయ్యిలో పెట్టిన కాగితంలో ఉన్న డబ్బు ఇక రాదు. మిగతావాళ్ళతో పాటు ఆవిడ భూమిని కూడా కలిపేయమని కంపెనీ రాష్ట్రానికి అర్జీ పెట్టింది. రిగ్గు నిలబెట్టే చోటుకి మేకులు పాతారు. అది మన గడ్డిబీట్లో, సరిగ్గా ఆవిడ ఊటకి ఎగువన. రఘు సంతకం పెట్టిన కాగితంలో నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

ఆవిడ నన్ను లోపలికి రమ్మనలేదు. వసారాలోనే నిలబెట్టి ఒకటే అడిగింది. "సెప్టెంబర్‌లో హాల్లో లేచి నిలబడ్డారే, అప్పటికి మీకు తెలుసా?"

తెలియదని చెబితే నేను బయటపడతాను. కానీ అప్పుడు రఘు, తండ్రిని ఊరంతా తిప్పి, వెనక నుంచి ఊరిని అమ్మినవాడవుతాడు. వాడు ఇంకా ముప్పై ఏళ్ళు ఇక్కడ బతకాలి. సాన్వి స్కూలు బస్సు ఆగేది ఆవిడ పోస్టుబాక్సు దగ్గరే. నాకెన్నాళ్ళున్నాయి గనక.

"తెలుసు" అన్నాను.

ఆవిడ తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు.

తెలిసిన మీరు నాలుగు నెలలు తెలియనట్టు ఉన్నారు. తెలియని నేను తెలుసునని చెప్పి వచ్చాను. ఇద్దరం సుబ్బులు కొడుకు కోసమే చేశాం. అయినా మీ పక్కన కూర్చోవాలని లేదు. టికెట్ తీయొద్దని జగన్మోహన్‌కి చెప్పండి.

లీజు మీద కంపెనీ ఇచ్చే బోనసులో మిగిలిన డబ్బు కూడా వచ్చింది. రేణు కొత్త సోఫా కొందామా అని అడిగింది. కొనమన్నాను.

నిన్న పొద్దున తలుపు తీసేసరికి మెట్టు మీద మన స్టీలు డబ్బా ఉంది. మూత బిగించి ఉంది. ఏదో పెట్టి పంపింది, గుడ్లో, పూలో, ఈ చలిలో పూలెక్కడివి, ఎండుటాకైనా ఒకటి వేసి ఉంటుంది అనుకున్నాను. అక్కడే కూర్చుని రెండు చేతులతో మూత తీశాను.

శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడిచి పంపింది. అందులో ఏమీ లేదు.

భీమశంకరం